చెలమ నీళ్ల వేసవి

ఆ ఏడు కాలువలు కట్టేసే నాటికి మా అమ్మాయి రూతుకి జ్వరం తగ్గి నెల కావస్తోంది. జ్వరం పోయింది గాని మనిషి తిరిగి రాలేదు. పేరు పెట్టి పిలిస్తే పలికేది. అన్నం పెడితే తినేది. ఏం తిన్నావని అడిగితే ఖాళీ కంచం వైపు చూసేది.

వచ్చింది టైఫాయిడ్. రెండో వారంలో తలకెక్కి సంధి మాటలు మాట్లాడింది. బందరు ఆసుపత్రిలో ఉంచి బతికించారు. అప్పటికే దానికి గుడివాడలో ఒక బాలికల పాఠశాలలో ఉద్యోగం ఖాయమై ఉంది. టీచరు ట్రైనింగు పూర్తి చేసిన ఆడపిల్ల మా వాళ్లలో అదే మొదలు. జూన్‌లో బడి తెరిచిన రోజున వెళ్లి చేరాలి. చేరకపోతే ఆ ఖాళీలోకి ఇంకొకరు వస్తారు. ఉద్యోగం మాట అటుంచి, పిల్ల ఇలాగే ఉండిపోతే నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారన్నది నా దిగులు. నాకు ఏదైనా చివర జరిగేదే ముందు కనపడుతుంది. మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే నేను శవపెట్టెకి కొలతలు తీసుకుంటానని మా ఆయన నలుగురిలో ఎగతాళి చేసేవారు.

మా ఆయన జీవరత్నం కాలువ లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూసి గుమాస్తా గారికి చెప్పడం ఆయన పని. పులిగడ్డ దగ్గర, కృష్ణ గట్టుకి కూతవేటు దూరంలో ప్రభుత్వం వాళ్లు ఇచ్చిన రెండు గదుల పెంకుటిల్లు మాది. పక్కన కాస్త పెద్ద ఇల్లు గుమాస్తా సత్యనారాయణమూర్తి గారిది. ఆ రెండిళ్లూ దాటితే తాటిచెట్లు, గట్టు, ఏరు.

ఏప్రిల్‌లో రూతుని మళ్లీ బందరు తీసుకెళ్లాం. మందు పోయించుకోవడానికి ఇంట్లో ఒక సీసాని బూడిదతో తోమి, వేణ్నీళ్లతో కడిగి, బిరడాతో సహా సంచిలో పెట్టుకున్నాను. డాక్టరు కనకరత్నం గారు చూశారు. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. రూతుని ఏవేవో అడిగారు. ఇవాళ ఏ వారం, ఇక్కడికి ఎలా వచ్చారు, పొద్దున ఏం తిన్నావు. రూతు నోరు తెరిచేలోపే నేను చెప్పేస్తున్నాను.

"మీరు కాసేపు ఊరుకోండమ్మా," అన్నారావిడ.

ఊరుకున్నాను. రూతు చాలాసేపు ఆలోచించి, "బస్సులో వచ్చాం," అంది. ఇవాళ ఏ వారమో చెప్పలేకపోయింది.

"పగలంతా ఏం చేస్తుంది?"

"పడుకుంటుందండి. నేనే పడుకోమంటున్నాను. పుస్తకాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. పని చెప్పడం లేదు. ఎవర్నీ రానివ్వడం లేదు. తలకి అలుపు తగలకుండా చూస్తున్నానండి."

"మరి రాత్రి?"

"కళ్లు తెరుచుకుని దొర్లుతుందండి."

డాక్టరు గారు మా ఆయన వైపు తిరిగారు. "మీ లాకు తలుపుల్ని ఒక సంవత్సరం కదపకుండా వదిలేస్తే ఏమవుతుందండీ?"

"తుప్పు పట్టి బిగుసుకుపోతాయండి," అన్నారాయన. "ఏడాదెందుకు, ఒక వానాకాలం చాలు."

"ఈ అమ్మాయి తల కూడా అంతే. రోజూ ఒకే వేళకి లేపండి. ఎండెక్కకముందు బాగా నడిపించండి. వేళకి అన్నం పెట్టండి, కూరా నారా, చేపా ఏదున్నా సరే. పగటి నిద్ర మాన్పించండి. చేతికి పని చెప్పండి. మనుషుల్లో కూర్చోబెట్టండి, మాట్లాడనివ్వండి, తప్పులు మాట్లాడినా సరే. కాస్త కాస్త చదవనివ్వండి. దీపాలు పెట్టాక మాత్రం ఏదీ వద్దు, నిద్రపోనివ్వండి."

"మరి మందండీ?"

"ఇదేనమ్మా మందు."

నేను సంచిలోంచి సీసా సగం పైకి తీశాను. ఆవిడ చూసి నవ్వి, తల అడ్డంగా ఊపారు.

బస్సులో మా ఆయన పక్కన కూర్చుని నేను చెప్పేశాను. "ఆవిడ చేతులెత్తేసిందండీ. ఆశ ఉంటే ఏదో ఒకటి రాసేది. కనీసం ఎర్రనీళ్లైనా పోసిచ్చేది."

"చెప్పిందిగా చెయ్యాల్సింది."

"పొద్దున్నే లేవడం, నడవడం, తినడం, పడుకోవడం. ఇవి పశువులు కూడా చేస్తాయి. దీనికోసం బందరు రావాలా?"

"నువ్వు ఒక్కటి చెయ్యనిచ్చావా దాన్ని, ఈ నెల్లో?" అన్నారాయన. రూతు కిటికీ పక్కన కూర్చుని మా ఇద్దర్నీ ఎవరో అన్నట్టు చూస్తోంది.

కాలువలో నీళ్లుంటే మా ఆయన పొద్దునా సాయంత్రం వేళ తప్పకుండా మట్టం చూసి వచ్చేవారు. వానైనా, పండగైనా, ఒళ్లు కాలిపోతున్నా సరే. కాలువలు కట్టేశాక మట్టం చూసే రాయి బురదలో మొండిగా నిలబడి ఉంటుంది, చూడ్డానికేమీ ఉండదు. ఆ అలవాటుని ఎటు పెట్టుకోవాలో తెలియక ఆయన ఆ వేసవి కూతురి మీద పెట్టారు. తెల్లారేసరికి మంచం దగ్గర నిలబడి, "అమ్మాయ్, లే," అనేవారు. రెండోసారి పిలిచేవారు కాదు. లేచేదాకా అక్కడే నిలబడేవారు.

నడకకి వేరే చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది. మా దగ్గర బావులన్నీ ఉప్పు. కాలువ పారినన్నాళ్లూ కాలువ నీళ్లే తాగుతాం. అది ఎండిపోతే ఏట్లోకి దిగి, ఇసకలో గుంట తీసి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని తెచ్చుకుంటాం. దాన్ని చెలమ అంటాం. ఒక్కో ఇంటికి ఒక్కో చెలమ. చుట్టూ తాటిమట్టలు గుచ్చి గొడ్లు దిగకుండా కాపాడుకుంటారు. పొద్దున్నే వెళ్లి రాత్రి నిలవున్న నీళ్లు తోడి పారబోసి, కొత్త ఊట తేరుకునేదాకా కూర్చుని, అప్పుడు ముంచుకోవాలి. తొందరపడి లోతుకి తవ్వితే కిందనుంచి ఉప్పు తగులుతుంది. పైపైన తీసి, ఆగాలి. అంతకంటే దానిలో విద్యేమీ లేదు.

నేను రూతుతో వెళ్లేదాన్ని. పెద్ద బిందె నేను పట్టుకునేదాన్ని, చిన్నది దాని చేతికిచ్చేదాన్ని. గట్టు దిగేటప్పుడు రెక్క పట్టుకునేదాన్ని. చెలమలో దిగి నేనే తోడేదాన్ని. అది ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడేది.

పక్క చెలమ దగ్గరికి వచ్చే పల్లెకారుల కోడలు ఒకరోజు చూసి చూసి, "ఏం పిన్నీ, మీ అమ్మాయిని ఇసకలో దింపకుండా నేరుగా పల్లకీలో తేకపోయావా?" అంది.

"జ్వరం పడి లేచిందమ్మా."

"నాకు పురుడైన పదో రోజున ఇక్కడే ఉన్నా," అని ఆ పిల్ల చిప్ప విదిలించింది. రూతు గొడుగు కింద చిన్నగా నవ్వింది. జ్వరం తర్వాత దాని నవ్వు చూడ్డం అదే మొదటిసారి. నేను మాత్రం, ఎందుకు నవ్వుతోందో తెలిసే నవ్వుతోందా, ఊరికే నవ్వుతోందా అని ఆ రోజంతా కనిపెట్టుకుని ఉన్నాను.

మధ్యాహ్నాలు రూతు ఆండాళమ్మ గారి చేతిలో పడేది. ఆవిడ గుమాస్తా గారి భార్య. ఒక్కగానొక్క కోరిక వామనగుంటలు. ఆడేవాళ్లు లేక గుమాస్తా గారితోనే ఆడి, ఆయన ఓడిపోయి కోపంతో గింజలు విసిరికొట్టాక, రూతు మీద కన్నేశారు. మా అరుగు మీద ఈ చివర ఆవిడ, ఆ చివర రూతు. మధ్యలో పీట, చింతగింజలు. ఆవిడ మా ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకునేవారు కాదు. ఓడిపోవడం మాత్రం ఏ ఇంట్లోనూ పుచ్చుకునేవారు కాదు.

"చదువు వద్దుటే రాహేలూ, తలకి వేడి చేస్తుంది. మా వారి అన్నగారు అలాగే చదివి చదివి గోడలతో మాట్లాడేవాడు. ఇదైతే చల్లని ఆట," అని మొదటిరోజే నాకు ధైర్యం చెప్పారు.

రూతు గింజలు తీసుకుని ఒక్కో గుంటలో ఒక్కోటి వేస్తూ మధ్యలో ఆగిపోయేది. ఏ గుంటలో మొదలుపెట్టిందో మర్చిపోయేది.

"మూడో గుంట, తల్లీ," అనేదాన్ని గుమ్మంలోంచి.

"నువ్వెవరే మధ్యలో?" అని ఆండాళమ్మ గారు కసిరేవారు. "ఆట దానిది, గుంటలు దానివి. అది మర్చిపోతే నాకు లాభం. నా నోటి దగ్గర ముద్ద లాక్కోకు."

నిజంగానే ఆవిడ ఒక్క గింజ కూడా జాలిపడి వదిలేవారు కాదు. ఓడిన ప్రతిసారీ రూతు ముఖం ఎర్రబడేది. ఓడిపోయినట్టు దానికి తెలుస్తోందని మా ఆయన సంబరపడేవారు. ఆ ఎర్రదనం మళ్లీ జ్వరమేమోనని నేను నుదురు తడిమి చూసేదాన్ని.

సాయంత్రం అన్నాలకి ముందు మా ఇంట్లో ప్రార్థన. మా మామగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రార్థనయ్యాక ఒక్కొక్కరూ ఆ రోజు జరిగినదాంట్లో ఒక సంగతి చెప్పి, అందుకు స్తోత్రం అనాలి. నిన్నటిది చెప్పకూడదు. రోజూ ఒకటే చెప్పకూడదు. అన్నం దొరికినందుకు స్తోత్రం అంటే మామగారు ఒప్పుకునేవారు కాదట, ఏ కూరో కూడా చెప్పమనేవారట.

రూతు వంతు వచ్చేది. అది చేతులు జోడించుకుని, కళ్లు మూసుకుని, "ఇవాళ..." అని ఆగేది. మళ్లీ "ఇవాళ..." అనేది. మూడోసారి అనేదాకా నేను ఆగలేకపోయేదాన్ని.

"చెలమ దగ్గర కొంగలు చూశావుగా," అన్నాను ఒకరోజు మెల్లగా.

"కొంగలు చూశాను. స్తోత్రం," అంది రూతు.

"అది మీ అమ్మ స్తోత్రం," అన్నారు మా ఆయన. "నీదేది?"

"వదిలెయ్యండి, రేపు చెబుతుంది. పిల్ల ఆకలి మీదుంది."

"నువ్వు అందించకు, రాహేలూ. దాని నోట్లో దాని మాట రానీ."

"రాకపోతే?"

"రాకపోతే రాలేదనుకుంటాం."

అంత తేలిగ్గా ఎలా అనగలిగారో నాకు అర్థం కాలేదు. మర్నాడు కూడా అందించాను. ఆ మర్నాడూ అందించాను. ఆయన గట్టిగా దగ్గితే పెదాలు కదిపి చూపించేదాన్ని. కళ్లు మూసుకోవలసిన రూతు ఓరగా తెరిచి నా పెదాలు చూసేది.

మే నెల సగంలో ఒక పొద్దున రూతు నన్నడక్కుండానే ఎసరు పెట్టింది. బియ్యం కడిగి పోసింది. బయట తుమ్మకర్రలు తేవడానికి వెళ్లి, అక్కడే పిట్టని చూస్తూ నిలబడిపోయింది. నేను పెరట్లో ఉన్నాను. మాడు వాసన గుమాస్తా గారి ఇంటిదాకా వెళ్లాక ఆండాళమ్మ గారు కేకేస్తే పరిగెత్తాను. కుండ పగిలి పొయ్యి ఆరిపోయి ఉంది. పొయ్యి పక్కన చాప అంచు కాలింది. ఇంకాస్త ఉంటే తాటాకు దడి అంటుకునేది.

ఆయన లాకు తలుపులకి గ్రీజు పెడుతున్నారు. చేతులు నల్లగా ఉండగానే ఇంటికి పిలిపించాను.

"ఇక గుడివాడ మాట ఎత్తకండి," అన్నాను. "అక్కడ ఒక్కతే గదిలో ఉండాలి. పొయ్యి వెలిగించుకోవాలి. నలభైమంది పిల్లల్ని చూసుకోవాలి. ఏదైనా అయితే? నలుగురికీ తెలిసి, పిచ్చిదని పేరు పెట్టి, వెనక్కి పంపేదాకా ఎందుకు? ముందే రావడం లేదని కబురు చేద్దాం."

ఆయన గ్రీజు చేతులు చూసుకుంటూ నిలబడ్డారు. కాదనలేదు. ఆయన కాదనకపోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది.

"నువ్వేమంటావే?" అని రూతుని అడిగారు.

అది కుండ పెంకులు ఏరుతోంది. ఏరుతూనే, "పొయ్యి మీద పెట్టిన సంగతి నాకు గుర్తుంది నాన్నా," అంది.

"గుర్తుండి వదిలేశావా?"

"అమ్మ చూసుకుంటుంది కదా అనుకున్నాను."

ఆండాళమ్మ గారు దడి అవతలనుంచి, "కుండేగా, పోనీ. మధ్యాహ్నం ఆట ఉందా లేదా?" అన్నారు.

"ఉందండి," అంది రూతు.

బడి తెరిచేదాకా ఆగి చూద్దామన్నారు ఆయన. నేను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. నాలో నేను మాత్రం ఉద్యోగం పోయినట్టే అనుకుని, పిల్లని పెట్టుకుని ఎలా బతకాలో ఆలోచించుకుంటున్నాను.

రోహిణి ఎండలు మొదలయ్యాక ఒకరోజు గట్టు దిగుతుంటే నా కాలు బెణికింది. చీలమండ గుమ్మడికాయంత అయింది. మర్నాడు మంచం దిగలేకపోయాను. తెల్లారి ఆయన కూతుర్ని లేపి, రెండు బిందెలూ దాని చేతికిచ్చి, తను రిపేరు పనికి వెళ్లిపోయారు.

"ఒక్కదాన్నే పంపుతారా?" అని అరిచాను. అప్పటికే ఆయన లాకు దాటారు.

"వెళ్లొస్తానమ్మా," అంది రూతు.

"చిన్నబిందె చాలు. నీళ్లు తేరకపోతే తేరకపోయాయి, వచ్చెయ్. దారిలో ఆగకు. ఏటి మధ్యకి వెళ్లకు. గొడుగు..."

గొడుగు గోడకే ఉంది. అది వెళ్లిపోయింది.

ఎప్పుడూ ఎండ పెరట్లో రోలు మీదికి రాకముందే తిరిగొచ్చేసేవాళ్లం. ఎండ రోలు మీదికి వచ్చింది. రోలు దాటింది. ఆండాళమ్మ గారు మడి ఆరేసుకుంటూ, "వచ్చేస్తుందిలే, పడుకో," అన్నారు. ఏట్లో ఆ కాలంలో మునిగే నీళ్లు ఉండవు. ఉండవని తెలుసు. అయినా నాకు ఒక బిందె నీళ్ల మీద తేలుతూ కనపడింది. దడి కర్ర ఒకటి ఊడబెరుక్కుని, దాని మీద బరువు వేసి, కుంటుకుంటూ గట్టెక్కాను.

మా చెలమలో గేదెలు దిగాయి. తాటిమట్టలు విరిగిపడి ఉన్నాయి. గుంటంతా పేడ, బురద. అక్కడ రూతు లేదు.

అరవబోయాను. అప్పుడు కనపడింది. ఏటివాలుగా కాస్త దూరంలో, ఎండిన పాయ పక్కన, మోకాళ్ల మీద కూర్చుని ఇసక తోడుతోంది. బిందెలు రెండూ పక్కన బోర్లించి ఉన్నాయి. తోడడం ఆపి, గుంటలోకి చూస్తూ కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తర్వాత చేత్తో కాస్త నీళ్లు తీసి నోట్లో పోసుకుని, ఉమ్మేసింది. ఉప్పు.

నేనైతే అక్కడితో ఇంటికి వచ్చేసేదాన్ని. ఎవరినైనా ఒక బిందె అడిగి తెచ్చుకునేదాన్ని. అది లేచి చీర దులుపుకుంది. నలువైపులా చూసింది. బిందెలు తీసుకుని పైకి, పాతపాయ ఉండే వైపు నడిచింది. అక్కడ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. ఈసారి లోతుకి తవ్వలేదు. పైపైన ఇసక తీసి పక్కకి పేర్చి, ఊట కోసం ఆగింది. ఆగుతూ ఏదో పాడుకుంటోంది కాబోలు, తల అటూ ఇటూ ఊగుతోంది.

పిలిస్తే వినపడే దూరమే. గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. పిలవలేదు.

రెండు బిందెలూ నింపుకుని, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని గట్టెక్కింది. ఒళ్లంతా ఇసక. నన్ను చూసి ఆగింది.

"నువ్వెందుకొచ్చావు?"

"గాలికి."

"ఈ ఎండలో గాలేంటమ్మా?"

"కాలికి మంచిదని."

అది నా కాలు వైపు చూసి చంకలో బిందె సర్దుకుంది. ముందు అది నడిచింది, వెనక నేను. నేను కుంటుతున్నానని అది రెండుసార్లు ఆగింది.

ఆ సాయంత్రం స్తోత్రం దగ్గర దాని వంతు వచ్చింది. గేదెలు దిగిన సంగతి, పల్లెకారుల కోడలు ఎక్కడ తవ్వమందో, ఎక్కడ తవ్వొద్దందో, మొదటి గుంట ఎందుకు ఉప్పయిందో, రెండోదానిలో ఊట ఎలా వచ్చిందో చెప్పుకుంటూ పోయింది. మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోయింది, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. నేను చీలమండ నొక్కుకుంటూ నేల చూస్తూ కూర్చున్నాను.

"చాలు తల్లీ," అన్నారు చివరికి మా ఆయన. "దేవుడికి అర్థమయింది. చేపల పులుసు చల్లారిపోతోంది."

దాంతో అంతా బాగైపోయిందని కాదు. మర్నాడే కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆదివారం గుడి దగ్గర పాస్టరమ్మ గారి పేరు మర్చిపోయి, "అయ్యగారి అమ్మగారూ" అని పిలిచింది. కాని రాత్రుళ్లు దీపం తగ్గించగానే నిద్రపోయేది. పెట్టె తాళం తీసి పుస్తకాలు ఇచ్చాను. ఏ వారమో తెలుసుకుని, ఆదివారం ఎప్పుడొస్తుందో తనే చెప్పేది. ఒక మధ్యాహ్నం అరుగు మీద పెద్ద గొడవ వినపడి పరిగెత్తాను. ఆండాళమ్మ గారు పీట మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఆ గుంటలో నాలుగే ఉన్నాయి, అయిదు లేవు," అంటున్నారు. "అయిదండీ, మీరిందాక ఒకటి కొంగు కింద పెట్టారు," అంటోంది రూతు. ఆవిడ కొంగు విదిలిస్తే గింజ కిందపడింది. వారం రోజులు ఆవిడ ఆటకి రాలేదు.

కాలువలు వదిలే ముందు బడి తెరిచే రోజు వచ్చింది. వద్దని అనడానికి నా దగ్గర ఇంక కారణం దొరకలేదు. కాలు తగ్గింది గనక నేనే తీసుకెళ్తానన్నాను. బందరులో రైలెక్కాం. పెడన దాటాక, పెట్టెలో జనం తగ్గాక, దాని చెవిలో చెప్పాను.

"జ్వరం వచ్చిందని మాత్రం చెప్పు. తలకెక్కిందని చెప్పకు. మర్చిపోతున్నావని అసలు చెప్పకు. ఏదైనా రాకపోతే దగ్గినట్టు చెయ్యి. మంచినీళ్లు తాగు. తెలిసిందంటే చేర్చుకోరు. చేర్చుకున్నా ఉంచరు."

రూతు కిటికీలోంచి చేలవైపు చూస్తోంది. "సరే" అనలేదు.

హెడ్‌మిస్ట్రెస్ శారదాంబ గారు గట్టి మనిషి. తెల్లచీర, కళ్లజోడు. కాగితాలు చూసి, "ట్రైనింగులో మార్కులు బావున్నాయి. పాఠం ఎలా చెబుతావో నేను వినాలి. ఏడో తరగతికి సైన్సు చెప్పు. బావుంటే ఇవాళే చేరుదువు గాని," అన్నారు. నావైపు తిరిగి, "మీరు వరండాలో కూర్చోండమ్మా," అన్నారు.

నేను కూర్చోలేదు. తరగతి కిటికీ పక్కన నిలబడ్డాను.

రూతు బడి ఆవరణలోని బాదంచెట్టు నుంచి ఒక ఆకు కోసుకుని లోపలికి వెళ్లింది. ఆడపిల్లలు లేచి నిలబడి కూర్చున్నారు. శారదాంబ గారు వెనక కుర్చీ వేయించుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఆకు పచ్చగా ఎందుకుంటుంది?" అని అడిగింది రూతు.

"చెట్టుది గనకండి," అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు.

"చెట్టు బెరడు కూడా చెట్టుదే. అది పచ్చగా లేదే?" అంది రూతు. పిల్లలు ఆలోచనలో పడ్డారు. అది ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఈనెలు చూపించింది. ఎండ గురించి, నీళ్ల గురించి, చెట్టు తన అన్నం తనే వండుకోవడం గురించి చెప్పింది. గొంతు బావుంది. నాకు ఊపిరి ఆడింది. "ఆ అన్నం వండడానికి ఆకులో ఒక పదార్థం ఉంటుంది. దానివల్లే ఆకుకి పచ్చదనం. దాన్ని ఏమంటారంటే..."

ఆగింది.

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. దగ్గమని మనసులోనే చెప్పాను. మంచినీళ్ల కుండ బల్ల పక్కనే ఉంది. అది దాని వైపు చూడలేదు. పిల్లలు దాని మొహం చూస్తున్నారు. శారదాంబ గారి కుర్చీ కిర్రుమంది.

"ఆ మాట నాకు రావట్లేదు," అంది రూతు. "మార్చిలో నాకు జ్వరం వచ్చి తలకెక్కింది. అప్పట్నుంచి కొన్ని మాటలు వెనకపడుతున్నాయి. వస్తుంది. ఆగుదాం."

అయిపోయిందనుకున్నాను.

"ఎంతసేపు ఆగాలండీ?" అని అడిగింది ముందు వరసలో పిల్ల.

"తెలీదమ్మా. ఈలోపు దీన్ని నలిపి వాసన చూసి, పక్కవాళ్లకి ఇవ్వండి."

ఆకు చేతులు మారింది. ఒకమ్మాయి చేతికి పసరు అంటిందని చూపించింది. ఇంకొకమ్మాయి దాన్ని తెల్ల జాకెట్టుకి రాసుకుని తిట్లు తింది. రూతు బల్లకి ఆనుకుని, నల్లబల్ల వైపు చూస్తూ, ఊట కోసం కూర్చున్నట్టే నిలబడింది. తొందర లేదు దానికి. నాకే ఉంది.

"పత్రహరితం," అంది. వెనక్కి తిరిగి నల్లబల్ల మీద గుండ్రంగా రాసింది.

పిల్లలు రాసుకున్నారు. శారదాంబ గారు కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"కానివ్వమ్మా," అన్నారు.

పత్రహరితం అన్న మాట నేను అప్పటిదాకా వినలేదు. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఎలా వింటాను? విని ఉంటే, ఏట్లో అది ఊట కోసం ఆగడం కళ్లారా చూసినదాన్ని కూడా, ఆ కిటికీలోంచి అందించేసి ఉండేదాన్నే.